తొవ్వ మలపనియ్యని మేడం

చిలుకూరులో మా మేడం జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు ఆమెను సాత్వికురాలు అన్నారు. ఓర్పు గల సహోదరి అన్నారు. జీవితంలో ఎవరినీ నొప్పించి ఎరగదని కూడా అన్నారు. ఆ మాటకు మేడం చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచింది. వెనక బెంచీల వాళ్లు ఏడుస్తోందనుకున్నారు. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

భోజనాల దగ్గర నా విస్తరిలో కూర వేస్తూ చెవిలో అంది.

"మా అక్క గురించేనా వీళ్లు చెప్పేది? సిన్నప్పుడు మా నాయిన అన్నం కాడ ఒక్క మాట ఎక్కువంటే పల్లెం నూకి లేసిపోయేది. మల్ల మా నాయినే పోయి బతిమిలాడాలె."

పోయినవాళ్లను మెత్తబరిచి చెప్పడం మనకు అలవాటు. అది మర్యాద అనుకుంటాం. మా మేడం విషయంలో ఆ మర్యాదకు నేను ఒప్పుకోను. ఆమె గుండె ఆగి పోయింది గానీ, ఆగే ముందు రోజు కూడా సూర్యాపేట కూరగాయల మార్కెట్లో పుచ్చు వంకాయలు కింద పెట్టి అమ్ముతున్న మనిషితో వాదం పెట్టుకుంది. ఆ సంచి నేనే మోశాను.

కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో నేను చదివినప్పుడు ఆమె మాకు కంప్యూటర్లను నడిపించే యూనిక్స్ చెప్పేది. పొట్టి మనిషి. నేత చీర, దాని కింద మగపిల్లలు వేసుకునే స్పోర్ట్స్ బూట్లు. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీట్ల మీద దస్తీలు వేసి, తర్వాత తీరిగ్గా ఎక్కే పెద్దమనుషులుంటారు గదా. మేడం ఆ దస్తీ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ సీట్లోనే కూర్చునేది. ఆ మనిషి వచ్చి "దస్తీ ఏసిన గదమ్మా" అంటే, మడత పెట్టిన దస్తీ చేతికిచ్చి అడిగేది.

"దస్తీకి టికెట్ తీసుకున్నవా అన్నా?"

ఆమె గొంతు పెంచేది కాదు. పెంచకపోవడం వల్లే ఎదుటివాళ్లకు ఎక్కువ మండేది.

స్టాఫ్‌రూములో ఆమెకు నచ్చని మాట ఒకటుండేది: అడ్జస్ట్. ఎవరైనా "జర అడ్జస్ట్ కావాలె మేడం" అంటే, "చెప్పు బిగుతైతే చెప్పు మార్సుకుంటం. కాలు చెక్కుకుంటమా?" అనేది. ఆ మాట మా కాలేజీలో సామెత అయిపోయింది. హాస్టల్ మెస్సులో చారు పలచగా ఉన్నా పిల్లలు అదే అనేవాళ్లు.

ల్యాబులో ఆమె ప్రశ్న ఒకటే. మా ప్రోగ్రాం నడిచిందని సంబరంగా చేయెత్తితే దగ్గరికొచ్చి, తెర వైపు చూడకుండా మా మొహాల్లోకి చూసేది.

"నడిచింది సరే. ఏది యాడికెల్లి తెచ్చుకొని నడిచింది?"

మొదట్లో ఆ ప్రశ్న మాకు అర్థమయ్యేది కాదు. మేం రాసిన ప్రోగ్రాం మా కళ్ల ముందు ఉంది, నడుస్తోంది. ఇంకెక్కడి నుంచి ఏం తెచ్చుకోవాలి? ఒకరోజు మేడం సుద్దముక్క కింద పెట్టి, బస్టాండు సంగతి ఎత్తుకుంది.

"సూర్యాపేట కొత్త బస్టాండ్ల నిలవడి, ఎంకన్నా అని పిలువుర్రి. ఎంతమంది తిరుగుతరు?"

"చానమంది మేడం" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"మొదలు తిరిగినోన్నే పట్టుకొని పెండ్లికి తీస్కపోయి పీటల మీద కూసోబెడితే?"

"వేరే ఎంకన్నకు పెండ్లి అయితది మేడం."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"కంప్యూటర్ గదే చేస్తది. మీరు రాసిన ప్రోగ్రాం అన్నీ సొంతంగ మోసుకొని తిరగదు. అందరికి పనికొచ్చే సామాను ఒక్క కాడ పెట్టి ఉంటది, దాన్నే షేర్డ్ లైబ్రరీ అంటం. ప్రోగ్రాం లేవంగనే, నాకు ఫలానా పేరు గల లైబ్రరీ కావాలె అంటది. మిషన్ పోయి దేవులాడుతది. ఆ పేరుతోని మొదలు ఏది దొరికితే అదే తెచ్చి చేతుల పెడ్తది. అది పాతదా కొత్తదా, మీకు పనికొచ్చేదా కాదా, దానికి పట్టది. ఏ గల్లీల మొదలు దేవులాడాల్నో చెప్పేటిది మనిషి. గా మనిషికి బుద్ధి ఉండాలె."

ఆ తర్వాత బోర్డు మీద ఎల్‌డి లైబ్రరీ పాత్ అని రాసింది. మామూలు చోట్ల కంటే ముందు ఈ ఫోల్డర్‌లో వెతుకు అని మిషన్‌కు చెప్పే మాట అది. ఒక ప్రోగ్రాం నడిపేటప్పుడు దానికి మాత్రమే ఆ మాట చెప్పొచ్చు. అందరూ లాగిన్ అయ్యే చోట రాసిపెడితే మాత్రం మిషన్ మీద లేచే దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆ గల్లీకే ముందు పోతుంది. ఆమె ఆ మాట కింద గీత గీసి, మా వైపు తిరిగి చెప్పింది.

"ఒక్కని కోసం అందరి తొవ్వ మలపొద్దు. మలిపినోడు పని చూసుకొని పోతడు. తొవ్వ తప్పినోళ్లు మీరు."

మేం రాసుకున్నాం. పరీక్షకు వస్తుందనుకుని బట్టీ పట్టాం. అది నిజంగానే పరీక్షకు వచ్చింది, మేం అనుకున్న తీరుగా మాత్రం రాలేదు.

సెమిస్టరు చివర ల్యాబ్ పరీక్ష. సి ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రాం రాయాలి. ఎగ్జామినర్ బయటి కాలేజీ నుంచి, కృష్ణ అవతలి వైపు నుంచి వచ్చారు. పెద్దాయన, తెల్లచొక్కా, నెమ్మదస్తుడు. కాలేజీ తరఫున రెండో ఎగ్జామినర్ మా మేడమే. మార్కుల షీటు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి.

నా ప్రోగ్రాం తప్పుల్లేకుండా కంపైల్ అయింది. నడిపితే మాత్రం ఫలానా వెర్షన్ దొరకలేదని ఒక వాక్యం చెప్పి చచ్చిపోయింది. రాసిందంతా మళ్లీ చూసుకున్నాను. మళ్లీ నడిపాను. అదే వాక్యం. నా పక్క పిల్లదీ అంతే. వెనక వరుసలో కొందరివి మాత్రం చక్కగా నడుస్తున్నాయి. అదే మమ్మల్ని ముంచింది. మిషన్లన్నీ పాడైతే అందరివీ ఆగాలి గదా. కొందరివి నడుస్తున్నాయంటే ఆగినవాళ్లకు చదువు రాదనే లెక్క. ఎగ్జామినర్ నా దగ్గరికొచ్చి, తెర చూసి, "అవుట్‌పుట్ లేదమ్మా, నేనేం చేసేది?" అని సున్నా వేసి ముందుకు పోయారు. మా వరుసలో అలా ఒక్కొక్కరికీ వేసుకుంటూ పోయారు. నా పక్క పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి అప్పటికే ఒక ఏడాది పోయింది. ఇది పోతే ఇంట్లో చదువు మాన్పిస్తారని మాకందరికీ తెలుసు.

మేడం నా వెనక నిలబడి ఆ వాక్యం చదివింది. నన్ను లేపి నా కుర్చీలో కూర్చుంది.

"మేడం, పరీక్షలో మీరు హెల్ప్ చేయకూడదండి" అన్నారు ఎగ్జామినర్.

"పిల్లకు ఏం చెప్తలేను సార్. మిషన్‌ను అడుగుతున్న."

ఒక్క చిన్న కమాండు కొట్టింది. ఏ లైబ్రరీ ఎక్కడ దొరికిందో వరసగా తెర మీద చూపించే కమాండు అది. సిస్టంలో ఉండాల్సిన లైబ్రరీ వేరే ఫోల్డర్ నుంచి వస్తోంది. ఆ ఫోల్డర్ ఆన్‌లైన్ టెస్టులు పెట్టే సాఫ్ట్‌వేర్‌ది. యాజమాన్యం దాన్ని కొత్తగా కొన్నది. ముందు రోజు కంపెనీ మనిషి వచ్చి అన్ని మిషన్లలో ఎక్కించి పోయాడు. వాళ్ల ఫోల్డర్‌లో పాతకాలం సి ప్లస్ ప్లస్ లైబ్రరీ ఒకటుంది. తన సాఫ్ట్‌వేర్ నడవడానికి ఆ మనిషి అందరి లాగిన్‌లోనూ ఒక లైను రాసి, ముందు మా ఫోల్డర్‌లోనే వెతుకు అని చెప్పి పోయాడు. పాత లైబ్రరీలో ఉన్న సామానుతో సరిపోయినవాళ్ల ప్రోగ్రాములు నడిచాయి. కొత్త సామాను వాడుకున్నవాళ్లవి ఆగిపోయాయి.

మేడం నా తెర మీద ఆ లైను ప్రభావం తీసేసి, నా ప్రోగ్రాం మళ్లీ నడిపింది. నేను రాసింది రాసినట్టే నడిచింది. ఎగ్జామినర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అర్థమైందండీ. కానీ టైమ్ అయిపోవచ్చింది. సప్లిమెంటరీలో రాసుకుంటారు లెండి."

"తప్పు మిషన్‌ది. సప్లిమెంటరీ పిల్లలకా? ఆ సున్నాల మీద నేను సంతకం పెట్ట సార్."

"మీ సంతకం లేకపోతే నేను షీటు తీసుకుని వెళ్లలేను గదండీ."

"అందుకే పెడ్తలేను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈలోగా ప్రిన్సిపల్ గారికి కబురు వెళ్లింది. ఆయన ఆ లైను తీయొద్దన్నారు. ఆ వారమే తనిఖీ బృందం వస్తుంది, టెస్టు సాఫ్ట్‌వేర్ చూపించాలి, అది ఆగితే చైర్మన్ సార్ ఊరుకోరు అన్నారు. అంతలో చైర్మన్ సార్ దగ్గరి నుంచే పిలుపు వచ్చింది. మేడం నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గూడ నడువు. సున్నా నీది. నా ఒక్కదానిదే అన్నట్టు మాట్లాడుతరు లేకుంటె."

అలా నేను చైర్మన్ గదిలోకి మొదటిసారి వెళ్లాను. ఆయనదీ చిలుకూరు వైపే. ఊళ్లో పెద్ద పొలం, కోదాడలో వ్యాపారాలు, పైన రాజకీయాల్లో చుట్టాలు. మేడం వాళ్లది అదే ఊళ్లో కూలి కుటుంబం. ఈ సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ రోజు ఆయనే అన్నాడు. మేడంను కూర్చోమనలేదు. ఆమె తనే కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఆయన ఫోను చూసుకుంటూ మాట్లాడాడు.

"సూడమ్మా, నువ్వు మా ఊరి పిల్లవని ఉద్యోగమిచ్చిన. మీ అమ్మ మా పొలంల కలుపు తీసి పెంచింది మిమ్ముల. గా ముసలామె ఎన్నడు తలెత్తి మాట్లాడలె. నువ్వు బయటోళ్ల ముందట కాలేజీ పరువు తీస్తున్నవ్."

మేడం చీర కుచ్చెళ్లు సర్దుకుని, తాపీగా జవాబిచ్చింది.

"తీసింది సార్. మా అమ్మ కలుపు తీసిన మడిల ఒక్క గడ్డిపోస మిగలకపోయేది. మీ నాయిననే చెప్పేది ఊరందరికి. నేను గదే పని చేస్తున్న. మీ ల్యాబుల కలుపు పడ్డది. తీస్త."

ఆయన ఫోను కింద పెట్టాడు. గదిలో పక్కన నిలబడ్డ ప్రిన్సిపల్ గారు గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు.

"నా సాఫ్ట్‌వేర్ ఆగితే?" అన్నాడు చైర్మన్ సార్.

"ఆగది. దాని తొవ్వ దానికే చెప్పి లేపుత. అందరి నెత్తిన రుద్దకుండ. రెండూ నడిచి చూపిస్త. నడవకుంటె గప్పుడు చెప్పున్రి."

"నడిచినా నడవకున్నా, నన్నడగకుండ ముట్టినందుకు అందరి ముందట సారీ చెప్పాలె."

"తప్పు చేస్తే ఈ పిల్ల కాళ్లు గూడ మొక్కుత సార్. చెయ్యని తప్పుకు చెప్ప."

లేచి వచ్చేసింది. మెట్లు దిగుతూ హ్యాండ్‌బ్యాగులోంచి పల్లీలు తీసి నా చేతిలో పోసింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. ఆమెకూ భయమేసిందని నాకు అప్పుడు తెలిసింది. భయమేసినా ఆమె మాట ఎక్కడా తడబడలేదు.

ల్యాబులో ఆమె చేసింది చాలా చిన్న పని. అందరి లాగిన్‌లో ఉన్న ఆ లైను తీసేసింది. టెస్టు సాఫ్ట్‌వేర్‌ను లేపడానికి విడిగా ఒక చిన్న ఫైలు రాసి, ఆ దారి అందులో మాత్రమే పెట్టింది. టెస్టు సాఫ్ట్‌వేర్ లేచింది. మా ప్రోగ్రాములూ నడిచాయి. ఎగ్జామినర్ గారు తన సంచిలోంచి పులిహోర డబ్బా తీసి అక్కడే తిని, సున్నాలు వేసినవాళ్లందరినీ మళ్లీ కూర్చోబెట్టారు. వెళ్లేటప్పుడు మేడంకు నమస్కారం పెట్టి, "మా కాలేజీలో కూడా ఎవరో ఇలాంటి లైను రాసే ఉంటారండీ. వెళ్లి చూస్తాను" అన్నారు. నా పక్క పిల్ల పాసైంది. ఇప్పుడు బ్యాంకులో చేస్తోంది.

సారీ మాత్రం మేడం చెప్పలేదు. రెండుసార్లు మెమో వచ్చింది, రెండుసార్లూ "చెప్పను" అని ఒకే మాట రాసిచ్చింది. తర్వాతి సెమిస్టరుకు ఆమె పేరు టైంటేబుల్‌లో లేదు. స్టాఫ్ వాళ్లు వీడ్కోలు సభ పెట్టి, శాలువా కప్పడానికి ప్రిన్సిపల్ గారిని ముందుకు పంపారు. ఆమె ఆయన చేయి ఆపింది.

"ఎల్లగొట్టేది మీరే, శాలువ కప్పేది మీరే. రెండిట్ల ఏదన్న ఒకటి చెయ్యిన్రి సార్."

శాలువా మడతపెట్టి బల్ల మీద పెట్టి, మా అందరికీ పల్లీలు పంచి, సూర్యాపేట బస్సెక్కింది.

సూర్యాపేటలో విత్తనాల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుంది. చదువైపోయాక నేను అక్కడే చేరాను. పేరుకు సొల్యూషన్స్ అనో టెక్నాలజీస్ అనో పెట్టమని నేనంటే వినలేదు. "లైనక్స్ మిషన్లు బాగు చేయబడును" అని బోర్డు రాయించింది. మన దగ్గర మిషన్ అంటే కుట్టు మిషన్ గదా. ఆడవాళ్లు కుట్టు మిషన్లు మోసుకుని మెట్లెక్కేవాళ్లు. వద్దని పంపేది కాదు. నూనె వేసి, సూది మార్చి, ఎందుకు ఆగిందో వాళ్లకు విడమరిచి చెప్పి పంపేది. కొన్నాళ్లకు ఆ పని కూడా మాకు బాగానే వచ్చింది.

అసలు పని మాత్రం మిర్యాలగూడ మిల్లుల్లో, సూర్యాపేట దవాఖానాల్లో ఉండేది. కంపెనీ వాళ్లు అమ్మి వెళ్లిపోయిన సాఫ్ట్‌వేర్లు ఆగిపోతే మేం వెళ్లేవాళ్లం. ఆమెతో పని చేయడం సుఖం కాదు. నేను రాసిన ప్రతి లైనుకూ ఎందుకు అని అడిగేది. తెలియదంటే చెరిపేసేది. జ్వరమొచ్చి ఇంట్లో పడుకుంటే దవాఖానకు తీసుకుపోయేది, డాక్టరు రాసిన ప్రతి మందుకూ అక్కడ కూడా ఎందుకు అని అడిగేది.

ఆమెకు నేను ఎదురు చెప్పింది ఒక్కసారే.

వరికోతల కాలం. మిర్యాలగూడలో ఒక మిల్లు నుంచి ఫోనొచ్చింది, కాటా ఆగిపోయిందని. వడ్ల ట్రాక్టరు ఎక్కి నిలబడితే తూకం చూపించి చీటీ ఇచ్చే కాటా అది. పాత కంప్యూటర్ పోయి కొత్తది పెట్టారట. అందులో కాటా ప్రోగ్రాం లేవడం లేదు. మేం వెళ్లేసరికి ట్రాక్టర్లు మిల్లు గేటు దాటి రోడ్డు మీదికి నిలిచి ఉన్నాయి. చీటీ లేనిదే మిల్లులో వడ్లు దించుకోరు. పైన మబ్బు కమ్ముతోంది. వడ్లు తడిస్తే తేమ ఎక్కువైందని వెనక్కి పంపుతారు.

మేడం కాటా గదిలో కూర్చుని చూసింది. ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీ పక్కనే ఉంది. ప్రోగ్రాం మాత్రం దాన్ని చూడడం లేదు. తయారుచేసినవాడు లైబ్రరీ ఎక్కడుంటుందో ప్రోగ్రాం కడుపులోనే రాసేశాడు. ఆ చోటు వాడి సొంత కంప్యూటర్‌లో వాడి పేరు మీదున్న ఫోల్డర్. పాత కంప్యూటర్ పెట్టింది వాడే కాబట్టి అందులో ఆ ఫోల్డర్ ఉండేది. కొత్తదానిలో లేదు.

కాలేజీలో చేసినట్టే, దారి విడిగా చెప్పి లేపే ఫైలు రాసింది మేడం. కాటా లేచింది, తూకం కనిపించింది, చీటీ మాత్రం రాలేదు. కాటా ప్రోగ్రాం చీటీ కోసం మరో ప్రోగ్రాంను పిలుస్తుంది. పిలిచిన ప్రోగ్రాం దారి పిలుపందుకున్నదానికీ అంటుకుంది, అది పోయి తనది కాని లైబ్రరీ పట్టుకుంది. ఆ ఫైలు తీసేసింది. ప్రోగ్రాం కడుపులో రాసిన చోటునే మార్చబోయింది. తూకం మోసాలు జరగకుండా ఆ ప్రోగ్రాంకు సీలు ఉంది. ఒక్క అక్షరం మారినా లేవదు. లేవలేదు.

"కంపెనీకి ఫోన్ చెయ్యి. సరైన ప్రోగ్రాం పంపమను" అంది.

చేశాను. ఎల్లుండి చూస్తామన్నారు.

"అయితే ఎల్లుండిదాంక ఆగాలె" అని కుర్చీలో వెనక్కి వాలింది.

నిడమనూరు నుంచి వడ్లు తెచ్చిన ఒక రైతు కిటికీ దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాడు. అతని భార్య ట్రాక్టర్ మీద పట్టా పరుస్తోంది.

"మీ పంచాది ఎప్పుడు తెగుతదమ్మా? మొగులు జూడున్రి" అన్నాడు మబ్బు వైపు చెయ్యి చూపిస్తూ.

నాకు ఒక ఆలోచన వచ్చింది. "మేడం, ప్రోగ్రాంను ముట్టొద్దు. దాని కడుపుల ఏ పేరుందో గా పేరుతోనే ఈడ ఫోల్డర్ చేసి, లైబ్రరీలు అండ్ల పెడ్దాం. అదే పోయి తెచ్చుకుంటది. చీటీ ప్రోగ్రాంకు ఏం అంటుకోదు."

"ఎవడో పెట్టిన అబద్ధపు అడ్రస్‌కు మనం ఇల్లు కట్టిస్తమా? రేపొకడు వచ్చి, ఈ పేరు గల మనిషి ఈడెవ్వడు లేడని తుడిచేస్తడు. మల్ల ఆగుతది. వద్దు."

"అడ్మిన్ తప్ప ఎవరు ముట్టకుండ చేస్త. ఎందుకు పెట్టినమో అండ్లనే రాస్త."

"వద్దన్న గద."

"మేడం, ఈపాలి మీది తప్పు."

మిల్లు సేటు నా వైపు చూశాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, అయినా ఆపలేదు.

"మీరే చెప్పిన్రు, తొవ్వ తప్పినోళ్లు ఎవరో సూడుమని. బయట నిలవడ్డరు వాళ్లు. వాన కంపెనీ కోసం ఎల్లుండిదాంక ఆగది. నేను చేస్త. మీకు నచ్చకుంటె రేపు నన్ను తీసెయ్యిన్రి."

ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. వడ్ల బస్తా మీద కూర్చుని పల్లీలు తింటోంది. నా వైపు చూడలేదు. నేను ఫోల్డర్ చేశాను. లైబ్రరీలు పెట్టాను. తాళం వేశాను. ఎందుకో రాశాను. కాటా లేపాను. నిడమనూరు ట్రాక్టర్ ఎక్కింది, తూకం వచ్చింది, చీటీ వచ్చింది. ఆ రైతు చీటీని చొక్కా జేబులో పెట్టుకుని, భార్యను కేకేసి, నన్ను పలకరించకుండానే బండి ముందుకు పోనిచ్చాడు. నాకు అదే బాగుంది. చివరి ట్రాక్టర్ దిగాక వాన మొదలైంది.

తిరుగు బస్సులో మేడం నాకు వీపు తిప్పి కిటికీ పక్క సీట్లో కూర్చుని, తడుస్తున్న పొలాలు చూస్తూ ఉంది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. భయం వేసింది గానీ, చేసిన పనికి నాకు పశ్చాత్తాపం లేదు. బస్సు సూర్యాపేట చేరబోతుండగా ఆమె ఫోను మోగింది. కోదాడ దవాఖానలో రక్తపరీక్షల మిషన్ ఆగిందట. మేడంనే రమ్మంటున్నారు, పెద్దావిడే కావాలంటున్నారు. ఆమె కాసేపు విని, నా వైపు తిరక్కుండానే ఫోనులో చెప్పింది.

"నేను రాను సార్. నా దగ్గర ఒకామె ఉన్నది. నా మాట గూడ ఇనది. గామెను పంపుత."